దురదల కాలంలో సమ్మె

సోమవారం

ఈ పూట నుంచి రాసి పెడుతున్నాను. రేపెప్పుడైనా ఎవరైనా ఈ ఊళ్ళో ఏం జరిగిందని అడిగితే, సర్పంచ్ లస్మయ్య చెప్పే అబద్ధం ఒక్కటే మిగలకూడదు.

నా పేరు ఓదెలు. ప్రాణహిత ఒడ్డున మక్కలు పండించే ఊరు మాది. నా ఉద్యోగం చేయి. సింగారికి నేను చేయిని.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. మా ఊరి పంటకు కాపలా మొండోళ్ళ కుటుంబం. తల్లి పెద్దది, తండ్రి దొర, పడుచుది సింగారి, ఈ ఏడే గుడ్డు పగిలిన రెండు కూనలు. రెండు కాళ్ళ మీద నడిచే రాకాసి బల్లుల జాతి. మా తాతల కాలంలో రాళ్ళలోని ఎముకల నుంచి మళ్ళీ లేపి తెచ్చారట, అప్పుడు వింత కోసం, ఇప్పుడు అడివిపందుల కోసం. మొండోళ్ళ వాసన తగిలితే పంది ఆ శివారులో అడుగు పెట్టదు. పెట్టిందా, తిరిగి పోదు. పెద్దదాని తల మా ఇంటి తలుపంత ఉంటుంది, నడి నెత్తిన ఒక కొమ్ము. చేతులు మాత్రం నా మోచేతికంటే పొట్టి. మడవమంటే మడవవు, చాపమంటే చాపవు, రెండు పక్కలా బెండకాయల్లా ఊగుతుంటాయి. ముక్కు మీద ఈగ వాలితే తోలుకునే దిక్కు లేదు.

అందుకే మా ఊరి కట్టుబాటు: మొండోళ్ళకు మనుషులే చేతులు. పొద్దున్నే ఇనుప పళ్ళ కర్రతో గోకాలి, నెత్తురు తాగే గోమార్లు ఏరాలి, పళ్ళ సందుల్లో ఇరుక్కున్న పంది ఎముకలు లాగాలి, గేటు గొళ్ళెం తీయాలి, పొద్దుగూకే వేళ మళ్ళీ గోకాలి. వాటి బుర్రలో మనం వేరే ప్రాణులం కాము, కాస్త ఎడంగా తిరిగే వాటి సొంత చేతులం. అందుకే కొరకవు.

"తన చెయ్యి తనే ఎవలన్న తింటరారా?" అంటాడు దొరకు చేయిగా ఉన్న గట్టయ్య కాక.

"మా ఆయన గోళ్ళు కొరుక్కుంటడు గద," అంటుంది పెద్దదానికి చేయిగా ఉన్న మదునక్క. ఆ మాట విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

దొర అనే పేరు నేను నోటితో పలకను. మనుషులమే ఆ పిలుపు వదిలించుకుని ఇన్ని తరాలైతే, బల్లికి తగిలించడమా? నేను కామ్రేడ్ అంటాను. పిలిస్తే అది రాదనుకోండి, అది వేరే సంగతి.

ఇక ఇవాళ్టి సంగతి. భాద్రపదం వచ్చింది, పొలుసు ఊడే కాలం. ఒళ్ళంతా దురద వాటికి. రెండు పూటలు గోకే వాళ్ళం రోజంతా గోకుతున్నాం. పొద్దున సింగారి దవడ కింద గోకుతుంటే పొలుసు ధూళి దాని ముక్కులోకి పోయి, నా మీద తుమ్మింది. నిన్న తిన్న పంది మొత్తం ఆ తుమ్ములో ఉంది. నా ఉతికిన చొక్కా, ఉన్న ఒకే ఒక మంచి చొక్కా, దాని మీద.

మదునక్క నేల మీద కూర్చుని మరీ నవ్వింది.

"నవ్వకక్కా! ఇది దోపిడీ!"

"ఏది, తుమ్మా?"

"మన శ్రమ!"

"శ్రమకు జలుబు చేసిందా బిడ్డా?"

నా రక్తం ఉడికింది. ఊడ్చిన పొలుసంతా మళ్ళీ తన్ని పడేసి ఇంటికొచ్చాను. రేపు సంఘం పెడుతున్నాను.

మంగళవారం

పెట్టాను. చేతుల సంఘం. మొత్తం నలుగురం: నేను, మదునక్క, గట్టయ్య కాక, ఆయన భార్య భూలచ్చి సిన్నమ్మ. కూనలు రెండింటికీ సిన్నమ్మే చేయి.

సంతలో ఏరి ఏరి కొన్న కరపత్రాలు నా దగ్గర ఒక సంచెడు ఉన్నాయి. అందులో 'సమ్మె: ఎందుకు, ఎలా' అన్నది తీసి కొట్టంలో గొంతెత్తి చదివాను. చివరి పుటలు చెదలు తిన్నాయి గానీ, మొదలుపెట్టే పద్ధతి అంతా చెక్కు చెదరలేదు.

"సమ్మె అంటే ఏం జెయ్యాలె?" అన్నాడు కాక.

"ఏం చేయకూడదు. కూర్చోవాలి."

"ఊకె కూసునుడేనా? అయితే నేనున్న."

"నీకు కొత్తేమున్నది, పెండ్లయినప్పటి సంది సమ్మెలనే ఉన్నవు," అంది సిన్నమ్మ.

డిమాండ్లు మూడు. గోకే కర్రలకు పొడవు పిడి. తుమ్మితే జత బట్టలు. వారానికి ఒక రోజు సెలవు. నియమాలు నాలుగు. మొదటి మూడూ మామూలివే, నాలుగోది నేను రాత్రి లేచి కూర్చుని రాసింది: సమ్మె నడుస్తుండగా గోకినవాడు ద్రోహి. వాణ్ణి సంఘం నుంచి వెళ్ళగొట్టాలి. మళ్ళీ చేర్చుకోరాదు. దయ చూపరాదు.

"దయ సుత వద్దా?" అంది మదునక్క.

"వద్దక్కా. చరిత్రకు దయ లేదు."

"మీ అవ్వకు జెప్తనుండు."

నలుగురం కలిసి సర్పంచ్ ఇంటికి పోయాం. లస్మయ్య వరసకు నాకు మామ. అరుగు మీద కూర్చుని కంకులు కాలుస్తున్నాడు. డిమాండ్లు విన్నాడు, ఒక కంకి తిప్పాడు.

"కర్రలకు పిడి సూద్దాం. బట్టలా? నా పెండ్లికే మా మామ బట్టలు పెట్టలె. సెలవేందిరా? దురదకు ఆదివారముంటదా?"

"దురద దానిది మామా. చేయి మాది!"

"అల్లుడా, ఒక్కటి జెప్త ఇను. అవి గోక్కొనేతందుకు ఏ గోడకన్న ఒరుసుకున్నయనుకో, కూలగొట్టినయనుకో, తప్పు కింద రాస్తరు. మూడు తప్పులైతే పట్నం పార్కోళ్ళు లారీ తెస్తరు. ఐదింటినీ ఎక్కించుకపోతరు. ఎరుకేనా?"

ఎరుకే. ఆ పార్కు బొమ్మలు అందరం చూశాం. అక్కడ మొండోళ్ళకు పళ్ళు అరగదీస్తారు, గోళ్ళకు రంగు వేస్తారు, కొమ్ముకు పుట్టినరోజు టోపీ తగిలిస్తారు. టోపీ పెట్టుకుని కేకు ముందు నిలబడ్డ ఒక ముసలి మొండిదాని కళ్ళు నేను మర్చిపోలేదు. సింగారిని అట్లా ఊహించుకుంటే పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది.

"మా సింగారి తప్పు చేయదు," అన్నాను. "చేయించేది నువ్వే!"

అని గిర్రున తిరిగి వచ్చేశాను. తొందరలో ఆయన చెప్పులు వేసుకొచ్చాను. ఉద్యమ గౌరవం దృష్ట్యా తిరిగి ఇవ్వలేదు.

బుధవారం

సమ్మె మొదలైంది. పంచాయతీ ఆఫీసు ఎదురుగా టెంటు. పోయిన ఎన్నికల్లో లస్మయ్య చేతిలో ఓడిపోయినాయన పొద్దున్నే ఉప్మా పంపాడు, మధ్యాహ్నం బగారన్నం, కోడికూర. జనం మద్దతు అంటే ఇదీ.

పొద్దున గోకే వేళకు ఐదూ గేటు దగ్గరకొచ్చి నిలబడ్డాయి. టెంటులోంచి కనిపిస్తున్నాయి. సింగారి రోజూ పెట్టే చోటే గేటు అడ్డకర్ర మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుంది. చేయి వస్తుందని. కాసేపటికి ఒక కన్ను తెరిచి చూసింది. మళ్ళీ మూసింది.

నేను అటు చూడకుండా నినాదాలిచ్చాను. రెండో నినాదం మధ్యలోనే దగ్గొచ్చింది. ఉప్మాలో కారం ఎక్కువైంది.

గొళ్ళెం తీసే చేయి లేకపోతే గేటు ఎట్లా తీస్తాయిలే అనుకున్నాం. కామ్రేడ్ గేటు తీయలేదు. గేటుతో సహా బయటికొచ్చింది. మెడలో గేటు దండలా వేలాడుతుండగా నడుచుకుంటూ వచ్చి, పంచాయతీ ప్రహరీకి ఒళ్ళు ఆనించింది. ఆ గోడ మీద లస్మయ్య మామ బొమ్మ ఉంది, తెల్లబట్టల్లో, చేతులు జోడించి. కామ్రేడ్ ఒరుసుకోవడం మొదలుపెట్టింది. మొదట ముక్కు పోయింది. తర్వాత మీసం. తర్వాత చెవులు. ఎంత సుఖంగా ఉందో, కళ్ళు తేలేసి, నాలుక బయట వేసి, తోక నేలకేసి కొడుతూ. చివరికి గోడ మీద నమస్కారం పెడుతున్న రెండు చేతులే మిగిలాయి. ఆ తర్వాత గోడా మిగల్లేదు.

గట్టయ్య కాక చప్పట్లు కొట్టాడు. "నా దొర! నా బంగారం!"

లస్మయ్య మామ లుంగీ ఎగగట్టుకుని పరుగెత్తుకొచ్చి, కోపంలో తనే పార్కు వాళ్ళకు ఫోను కొట్టాడు. "నా మూతి లేదు సార్! మొత్తం మూతే పోయింది!" అని అరిచాడు. తప్పు ఒకటి. పెట్టేశాక గానీ ఆయనకు తట్టలేదు తనేం చేశాడో. కంకులింకా చేనులోనే ఉన్నాయి. కాపలా పోతే అవి పందుల పాలే.

గురువారం

రెండో తప్పు కూడా అయిపోయింది. పద్ధతిగా రాస్తాను.

పొద్దున మంచిర్యాల బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు లేని బస్సు, అడ్డం ఎవరొచ్చినా ఆగి, మర్యాదగా మాట్లాడేది. పెద్దది పోయి తన వీపు బస్సుకు ఆనించింది. బస్సు పొడవు, పెద్దదాని పొడవు ఒకటే. ఒకదానికోసం ఒకటి చేసినట్టు సరిపోయాయి.

"దయచేసి పక్కకు జరగండి," అంది బస్సు.

పెద్దది ఒరుసుకుంది.

"ప్రయాణికుల సౌకర్యార్థం, దయచేసి పక్కకు జరగండి."

పెద్దది ఇంకాస్త కింద ఒరుసుకుంది. బస్సు ఒక పక్క చక్రాలు లేచాయి, దిగాయి. లోపలి నుంచి ఎవరో పెద్దమనిషి, "ఓ బస్సూ! దానికి మర్యాదలేందే! ముందుకు పోవే!" అని అరుస్తున్నాడు.

"సీటు బెల్టు పెట్టుకున్నందుకు ధన్యవాదాలు," అంది బస్సు. ఇంకోసారి ఊపేసరికి కాలువలోకి పక్కకు ఒరిగి పడుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మదునక్క పరుగున పోయి కిటికీల్లోంచి ఒక్కొక్కర్నే లాగి, "మా పెద్దది మంచిదేనుల్లా, దురదకు అట్ల జేసింది," అని సర్దిచెప్పింది. ఫిర్యాదు ఎవరూ చేయక్కర్లేకపోయింది. బస్సే చేసుకుంది.

 ఇంకొక్కటి అయితే లారీ. టెంటులోకొచ్చి చెప్పాను: "కామ్రేడ్స్, వ్యూహాత్మకంగా ఒక అడుగు వెనక్కి వేయాలి. సమ్మె విరమిద్దాం."

ముగ్గురూ నన్ను ఎట్లా చూశారంటే, కూర గిన్నె ఎత్తుకుపోతున్నవాణ్ణి చూసినట్టు.

"ఎందుకు? ఇయ్యాల కోడికూర పంపిండు. రేపు మటనట," అంది సిన్నమ్మ.

"అవి పార్కుకు పోతాయి సిన్నమ్మా!"

"గట్లెట్ల పోతయి, సర్పంచ్ భయపడి దిగొస్తడు. నువ్వే గదరా చెప్తివి, ఆఖరి దాక నిలబడాలె అని."

కరపత్రం తీశాను. ముగించే పద్ధతి చూద్దామని. చెదలు సరిగ్గా అక్కడి నుంచే మొదలుపెట్టాయి. ఓటింగు పెట్టాను. సమ్మె సాగాలని మూడు, ఆగాలని ఒకటి. తర్వాత ముగ్గురూ నేను నేర్పిన నినాదమే నా మొహమ్మీద ఇచ్చారు. అందులో గట్టయ్య కాక శ్రుతి కూడా బాగుంది.

శుక్రవారం

లారీ ముందే వచ్చేసింది. పార్కు ఆఫీసరు పేరు వైకుంఠం. నున్నగా దువ్విన తల, మెడలో కెమెరా. మంచి నీళ్ళ ట్యాంకు పక్కన లారీ పెట్టించి, కుర్చీ వేయించుకుని, పల్లీలు తింటూ కూర్చున్నాడు.

"మూడో తప్పు ఇంకా కాలేదు కదా సార్," అన్నాను.

"అవుతుందండీ. తొందరేం లేదు," అన్నాడు. "పడుచుది మీదేనా? అందమైన తల. టోపీ బాగా నప్పుతుంది."

వాణ్ణి కొట్టకుండా ఎట్లా వచ్చానో నాకే తెలియదు.

లస్మయ్య మామకు ఇప్పుడు నిజంగా భయం పట్టుకుంది. మొండోళ్ళు పోతే ఈ శివారులో ఒక్క కంకి మిగలదు. కానీ సెలవు ఇస్తే పక్క ఊళ్ళ సర్పంచులు నవ్వుతారట. అందుకని తనే గోకడానికి దిగాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతిలో గడ్డి లాగే దంతె. ముందు చిన్నదని కూన దగ్గరికి పోయాడు. కూన తుమ్మింది. చొక్కా పోయింది. మీసం తుడుచుకుని రెండో కూన దగ్గరికి పోయాడు. పంచె పోయింది. అభిమానం గల మనిషి, వెనక్కి తగ్గలేదు, కామ్రేడ్ ముక్కు కిందికే పోయి నిలబడ్డాడు.

ఆ తుమ్ముకు ఆయన వచ్చిన దారినే వెనక్కి పోయాడు, కానీ కాళ్ళతో కాదు.

లేచి తిన్నగా మా టెంటుకొచ్చాడు. కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. "బట్టల డిమాండ్ ఒప్పుకుంటున్న," అన్నాడు. "ఒక జత గాదు. రెండు." కాసేపు ఊపిరి తీసుకుని, "కర్రలకు పిడి సుత. ఎంత పొడుగన్న సరే," అన్నాడు.

"సెలవు?" అంది సిన్నమ్మ మటను ముక్క నములుతూ.

"పాణం పోయినా ఇయ్య."

సాయంత్రం చేను గట్టు మీద సింగారి ఎదురుపడింది. ఒళ్ళంతా తెల్లగా పొలుసు లేచి, మెడ పక్కన రాయికి ఒరుసుకుని నెత్తురు కారుతోంది. పిలిచాను. వచ్చి నా అరచేయి వాసన చూసింది. మటను వాసన. మళ్ళీ చూసింది. పెదవి పైకి లేచింది, పళ్ళు కనిపించాయి. అంత దగ్గర నుంచి, ఆ మొహంతో, అది నన్నెప్పుడూ చూడలేదు. చేయి అనుకోవడం మానేసిందేమో.

నేను నెమ్మదిగా వెనక్కి నడిచాను. ఉద్యమంలో భయానికి చోటు లేదని రాసినాయన ఎవరో గానీ, ఆయన గట్టు మీద నిలబడి రాసి ఉండడు.

శనివారం

చాలా జరిగింది. వరసగా రాస్తాను.

మధ్యాహ్నం. మటను తిని ముగ్గురూ టెంటులో పడుకున్నారు. కాక గురక అవతలి ఒడ్డుకు వినిపిస్తోంది. సింగారి కొట్టం వెనక నేల మీద పడి పొర్లుతోంది. నా వల్ల కాలేదు. కరపత్రాలన్నీ ఒక పక్క, ఆ మెడ మీది పుండు ఒక పక్క. కర్ర తీసుకుని పోయాను.

లేచి నిలబడింది. తల వంచి, నోరు తెరిచి, నా తల దగ్గరికి తెచ్చింది. దాని ఊపిరి వేడిగా తగిలింది. పారిపోదామనే అనుకున్నాను. కానీ ఉన్న చోటే నిలబడి కర్ర ఎత్తి దవడ కింద, ఎప్పుడూ గోకే ఆ మెత్తటి మడతలో, ఒక్కసారి లాగాను.

దాని నోరు మెల్లగా మూసుకుంది. కళ్ళూ మూసుకున్నాయి. తల తెచ్చి నా భుజం మీద పడేసింది. బియ్యం బస్తా వేసినట్టు కూలబడ్డాను. కూలబడ్డ చోటి నుంచే గోకాను. పొలుసు రాలుతుంటే దాని గొంతులోంచి పిండి గిర్నీ లాంటి చప్పుడు. నా కళ్ళలో నీళ్ళు. ధూళి పడి.

"దొరికిండు! ద్రోహి దొరికిండుల్లా!"

భూలచ్చి సిన్నమ్మ. ఇంత సంబరంగా ఆమె ఎప్పుడూ అరవలేదు.

టెంటులో విచారణ. నేను మధ్యలో నిలబడ్డాను. అక్కడి నుంచే చూశాను: పెద్దది నీళ్ళ ట్యాంకు దగ్గరికి నడుస్తోంది. వీపు స్తంభానికి ఆనించింది. ట్యాంకు మీంచి నీళ్ళు తొణికాయి. వైకుంఠం పల్లీల పొట్లం మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, కెమెరా ఎత్తాడు.

"అక్కా! పెద్దదాన్ని గోకు! ట్యాంకు పడితే మూడో తప్పు!"

"నేనెట్ల గోకుత? ద్రోహినైత గద," అంది మదునక్క. ఆమె కూడా అటే చూస్తోంది, మొహం పాలిపోయింది, కానీ కదల్లేదు. నా నియమాన్ని ఈ లోకంలో గౌరవించింది ఆమె ఒక్కతే, అదీ ఇప్పుడు.

ఒక్కటే దారి తట్టింది. "అయితే నన్ను తొందరగా వెళ్ళగొట్టండి! సంఘంలో లేనివాడికి సమ్మె లేదు. నేను పోయి గోకుతా!"

వాళ్ళ మొహాలు మెత్తబడ్డాయి. సరిగ్గా మెత్తబడకూడని వేళకు మెత్తబడ్డాయి.

"పోనీతీయ్, పిలగాడు. బుద్ధి తక్కువై చేసిండు," అన్నాడు కాక.

"ఈ ఒక్కసారికి మాఫ్ జేద్దాం," అంది సిన్నమ్మ కళ్ళు ఒత్తుకుంటూ. "తల్లి సాటు పిల్లగాడు."

"మాఫీ ఏంటి!" నాకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గులేదా మీకు? ద్రోహం కళ్ళారా చూసి క్షమిస్తారా? ఇదేనా సంఘం? నేను గోకాను! మనసారా గోకాను! దవడ కింద, మెడ మీద, కొమ్ము వెనక! మళ్ళీ గోకుతా! నాలుగో నియమం ఏమంది?"

"ఏమన్నది? నువ్వే సదువు, మాకు యాదికి లేదు."

నాకు పడే శిక్ష నేనే గొంతు చించుకుని చదివాను. ట్యాంకు స్తంభం కిర్రుమంది.

"దయ సుత వద్దంటవా?" అంది మదునక్క.

"వద్దు! చేతులెత్తండి!"

ఏడుస్తూ ఎత్తారు ముగ్గురూ. మూడో చేయి పూర్తిగా లేవకముందే నేను టెంటు బయట ఉన్నాను.

పెద్దదాన్ని నేనెప్పుడూ గోకలేదు. స్తంభం ఎక్కి, పళ్ళతో కర్ర కరిచి పట్టుకుని, దాని నెత్తి అందే చోటికి చేరి, కొమ్ము వెనక పడిన పొలుసు కుప్పలో కర్ర గుచ్చి లాగాను. ఇంత పలక ఊడి వచ్చింది. పెద్దది ఆగింది. ఒక నిట్టూర్పు విడిచింది, కింద కోళ్ళు ఎగిరిపోయాయి. స్తంభం వదిలేసి, కాళ్ళు ముడుచుకుని, నేల మీద బొక్కబోర్లా పడుకుంది. ట్యాంకు ఊగి ఊగి నిలబడింది. వైకుంఠం తల మీద ఒక బిందెడు నీళ్ళు పడ్డాయి, అంతే.

నేను దిగి దాని వీపెక్కి గోకుతున్నాను. పెద్దది హాయిగా మూలుగుతోంది.

టెంటులోంచి మదునక్క కేక. "ఓరి ఓదెలూ! నా పెద్దదాని మీద చెయ్యేస్తవారా? అది నాకు దప్ప ఎవలకు లొంగదు!"

"లొంగిందక్కా! చూడు!"

"సంఘం వద్దు ఏమొద్దు! నేను ఎల్లిపోతున్న!" కొంగు బిగించి వచ్చి, నన్ను కాలు పట్టి కిందికి లాగి, కర్ర గుంజుకుంది. కామ్రేడ్ నా దిక్కు ఆశగా రెండడుగులు వేయడం చూసి గట్టయ్య కాక కూడా లేచాడు. "దొరా! అటు పోకు! నేను సుత రాజీనామా!"

ఇక సంఘమంటే భూలచ్చి సిన్నమ్మ ఒక్కతే. టెంటు మధ్యలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. దురద తట్టుకోలేని కూనలు రెండూ లస్మయ్య మామ కొత్త మేడ గేటు వాసన చూస్తున్నాయి. మామ పరుగెత్తుకొచ్చాడు.

"భూలచ్చీ, నీకు దండం బెడ్త, వాటిని పట్టు!"

"సెలవు?"

మామ చుట్టూ చూశాడు. సభ్యులు ఎంతమంది మిగిలారో చూసుకుని, మొహం వెలిగింది. ఇంత చవగ్గా పోతుందనుకోలేదు. "ఇచ్చిన! ఆదివారం సెలవు! సంఘంల ఉన్నోళ్ళకు మాత్రమే. ఆఫీసర్ సారు సాక్షి!"

సిన్నమ్మ లేచింది, కూనలను పట్టింది. పొద్దుగూకేలోపు మదునక్కనూ కాకనూ మళ్ళీ సంఘంలో చేర్చుకుంది. నేనూ దరఖాస్తు పెట్టాను. కుదరదంది. మిగతా ఇద్దరూ తమంతట తాము పోయారు, నన్ను నాలుగో నియమం కింద వెళ్ళగొట్టారు, అందులో మళ్ళీ చేర్చుకోరాదని స్పష్టంగా రాసి ఉందట. "ఎంత మంచిగ రాసినవురా, ఒక్క సందు లేదు," అని మెచ్చుకుంది.

తడిసిన వైకుంఠం చివరి దాకా అడుగుతూనే ఉన్నాడు. "ఏమీ కూలలేదా? చిన్నదైనా సరే?" లేదన్నాం. లారీ ఖాళీగా పోయింది. లారీ కనుమరుగయ్యేదాకా సింగారి పక్కన నిలబడి చూశాను.

ఆదివారం

సంఘానికి తొలి సెలవు. సంఘంలో లేని చేయి ఊరికంతటికీ నేనొక్కడినే. కనక ఐదింటినీ నేనే గోకాలి. చీకటి విడవకముందే మొదలుపెట్టాను.

సింగారి, కూనలు అయ్యేసరికి నడుం పడిపోయింది. కామ్రేడ్ వీపు సగంలో ఉండగా దడి అవతల అలికిడి. చూస్తే ముగ్గురూ. ఉతికిన బట్టలు, మదునక్క తలలో బంతిపూలు. సెలవు కదా, ఎక్కడికి పోవాలో తోచక ఇక్కడికే వచ్చారు.

"అక్కడ గాదురా, తోక మొదట్ల! తోక మొదట్ల గోకితెనే దొరకు సుఖం," అన్నాడు కాక.

"ఎంత సేపాయె, నా పెద్దది ఎండల నిలబడ్డది. అరె, కింద గోమారున్నది, కనబడ్తలేదా నీకు?" అంది మదునక్క.

"కూనలు నన్ను జూస్తున్నయిరా. ఒక్కసారి లోపటికి రానియ్యి," అంది సిన్నమ్మ.

నేను కర్ర నేలకు ఆనించి, చెమట తుడుచుకుని, ఛాతీ విరిచి నిలబడ్డాను. "మిత్రులారా! సెలవు రోజు పని చేయడం పోరాడి సాధించుకున్న హక్కును కాలరాయడమే. మీ సంఘం గౌరవం కాపాడటం మీకు చేతకాకపోతే నేను కాపాడతా. దడి నుంచి మూడు అడుగులు వెనక్కి!"

"నీ నోట్ల మన్ను వొయ్య," అంది మదునక్క.

కాక, సిన్నమ్మ నిజంగానే వెనక్కి జరిగారు. మదునక్క జరగలేదు. పెద్దది మెల్లగా దడి దగ్గరికి పోయి, కర్రల సందులోంచి ముక్కు బయటికి పెట్టింది. మదునక్క అటూ ఇటూ చూసింది. గాజులు చప్పుడు కాకుండా మోచేతి పైకి నెట్టుకుని, సందులోకి చేయి పెట్టింది.

నేను ప్రాణహిత వైపు తిరిగి, కాసేపు నీళ్ళ రంగు పరిశీలించాను.